తోలు, పనస, అయస్కాంతం: వాయిద్యం చేసిన చెయ్యి ఎవరిది?



గోదావరి జిల్లాల్లో పుట్టిన వాయిద్యకారుల పేర్లు చెప్పమంటే సంగీతం మీద కాస్త ఇష్టం ఉన్న విద్యార్థి ఎవరైనా చెప్తాడు. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి, కాకినాడ చిట్టిబాబు, పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్. మరి వాళ్లు వాయించిన వీణని, మాండలిన్‌ని ఎవరు చేశారు అని అడిగి చూడండి. క్లాసంతా మౌనంగా ఉంటుంది. ఆ మౌనం పిల్లల తప్పు కాదు. మనం చదివించే చరిత్రలో వాయించినవాళ్లు ఉంటారు, చేసినవాళ్లు ఉండరు.

ఇంట్లో, వరండాలో, పశువుల పాకలో సొంత చేతులతో ఎలక్ట్రిక్ గిటార్లు తయారుచేసుకునే కుర్రాళ్ల గురించి రాయమని కొందరు తమ్ముళ్లు అడిగారు. ఇది సరదా వ్యవహారంలా కనిపిస్తుంది గానీ, దీని వెనక వాయిద్యాన్ని ఎవరు ముట్టుకోవచ్చు, ఎవరు చెయ్యొచ్చు, చేసినవాడిని ఏమని పిలవాలి అనే పెద్ద చరిత్ర ఉంది. ఈ వారం దాని గురించే.

ముందు పాలకొల్లు నుంచి మొదలుపెడదాం. ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న అక్కడ పుట్టాడు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాయించేవాడు. ఇంట్లో ఉన్న మాండలిన్‌ని పిల్లవాడు పట్టుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకి మాండలిన్ రాదు. ఆయన పాడేవాడు, పిల్లవాడు ఆ పాటని తీగల మీద వెతుక్కునేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో, తొమ్మిదేళ్ల వయసులో, తొలి కచేరీ చేశాడు.

అతను ప్రపంచమంతా తిప్పిన వాయిద్యం ఏమిటో ఒకసారి చూడండి. మామూలు మాండలిన్‌కి బోలు పొట్ట ఉంటుంది. నాలుగు జతలుగా ఎనిమిది తీగలు ఉంటాయి. మీటిన శబ్దం క్షణంలో ఆగిపోతుంది. కర్ణాటక సంగీతానికి గమకం ప్రాణం. స్వరం ఊగాలి, సాగాలి, కాసేపు నిలబడాలి. జత తీగల్ని కలిపి లాగడం కష్టం, లాగినా శబ్దం నిలవదు. అందుకే అతను ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌కి మారాడు. బోలు పొట్ట పోయి గట్టి చెక్క వచ్చింది, తీగల కింద అయస్కాంతం వచ్చింది. నిర్మాణం మాట చెప్పాలంటే అది ఒక చిన్న ఎలక్ట్రిక్ గిటారే. అలాంటి వాయిద్యాన్ని పట్టుకుని మన డెల్టా పిల్లవాడు 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం దాకా వెళ్లాడు.

ఇక్కడ కాస్త సాంకేతిక విషయం చెప్పాలి. ఎందుకంటే కులం ఎక్కడ దూరుతుందో, ఎక్కడ దూరలేదో అర్థం కావాలంటే వాయిద్యం ఎలా పలుకుతుందో తెలియాలి.

వీణకి పనస కుండ కావాలి. మృదంగానికి, డప్పుకి తోలు కావాలి. ఎలక్ట్రిక్ గిటారుకి ఈ రెండూ అక్కర్లేదు. ఉక్కు తీగ కింద అయస్కాంతం, దాని చుట్టూ రాగి తీగ చుట్ట ఉంటాయి. తీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, చుట్టలో సన్నటి కరెంటు పుడుతుంది, దాన్ని ఆంప్లిఫయర్ పెద్దది చేస్తుంది. ఈ చుట్టనే పికప్ అంటారు. 42 గేజి తీగ, అంటే ఇంచుమించు మనిషి వెంట్రుక మందం, దాదాపు 8,000 చుట్లు చుట్టాలి. మన ఊళ్లలో బోరు మోటార్లకి వైండింగ్ చేసే షాపులు ఉంటాయి కదా, పని అదే, తీగ మాత్రం చాలా సన్నం. కాస్త బిగువు ఎక్కువైతే తెగిపోతుంది, మళ్లీ మొదటి నుంచి చుట్టాలి.

మెట్ల లెక్క ఇంకా ముచ్చటగా ఉంటుంది. తీగ పొడవుని 17.817తో భాగిస్తే మొదటి మెట్టు ఎక్కడో వస్తుంది. మిగిలిన పొడవుని మళ్లీ అదే అంకెతో భాగిస్తే రెండోది. తీగ పొడవు 648 మిల్లీమీటర్లు అనుకుంటే మొదటి మెట్టు 36.4 దగ్గర, పన్నెండోది సరిగ్గా సగంలో, 324 దగ్గర వస్తుంది. వీణకి కూడా స్థాయికి 12 చొప్పున 24 మెట్లు. అయితే వీణ మెట్లని మైనం మీద నిలబెడతారు. చెవితో విని జరుపుతారు, కొన్నేళ్లకి మళ్లీ కడతారు. గిటారుకి రంపంతో గాడి కోసి మెట్టుని దిగ్గొట్టాలి. ఒక మిల్లీమీటరు తప్పితే ఆ చెక్క జీవితాంతం అపస్వరమే పలుకుతుంది. ఇంట్లో గిటారు చేసే కుర్రాడికి రంపం, ఉలి, చిత్రిక, బరమా, ఆకురాయి ఎంత ముఖ్యమో ఈ భాగాహారం అంత ముఖ్యం.

ఇప్పుడు కులం దగ్గరికి వద్దాం.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలు తరతరాలుగా వీణలు చేస్తున్నాయి. ఒకే పనస దుంగని తొలిచి కుండా దండీ విడదీయకుండా చేసే ఏకాండి వీణ వాళ్ల పనితనం. దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. దక్కాల్సిందే. అయినా కచేరీ వేదిక మీద చేసినవాడి పేరు వినపడదు. ప్రబంధాలు చదివినవాడిగా చెప్తున్నాను, వీణ మీటే నాయిక వేళ్ల గురించి పద్యాలకి పద్యాలు దొరుకుతాయి. ఉలి పట్టిన వేళ్ల కోసం వెతుక్కోవాలి.

కర్రని తొలిచినవాడు కనపడకుండా పోతే, తోలుని ముట్టినవాడు అంటరానివాడయ్యాడు. మృదంగానికి ఆవు, మేక, గేదె తోళ్లు కావాలి. ఆ తోళ్లని ఎంచి, గీకి, పొరలుగా కోసి, కరణి పెట్టి శ్రుతికి తెచ్చే తమిళ దళిత క్రైస్తవ కుటుంబాల చరిత్రని టి.ఎం. కృష్ణ 2020లో ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ అనే పుస్తకంగా తెచ్చాడు. ఆవిష్కరణకి హాలు ఇస్తామన్న కళాక్షేత్ర, కొద్ది రోజుల ముందు అనుమతి రద్దు చేసింది. సభ వేరే చోట జరిగింది. మృదంగం ఆ ప్రాంగణంలో రోజూ మోగొచ్చు, అది ఏ తోలుతో, ఎవరి చేతుల్లో తయారైందో చెప్పే పుస్తకానికి మాత్రం అక్కడ చోటు లేకపోయింది.

మన డప్పు సంగతి తెలిసిందే. తోలుని సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, కర్ర చట్రానికి చింతగింజల జిగురుతో అంటించి, వెనక తోలు వారుతో లాగి కట్టి, ఎండబెట్టి, మంట దగ్గర కాచి శ్రుతికి తెస్తారు. ఇందులో రసాయనం ఉంది, వడ్రంగం ఉంది, ధ్వనిశాస్త్రం ఉంది. చేసిన మాదిగవాడే చిర్ర, సిటికెన పుల్ల పట్టి వాయిస్తాడు కూడా. ఇంత తెలిసినవాడికి మన ఊరు ఇచ్చిన పని చావు ముందు నడవడం, చాటింపు వెయ్యడం. 1936లో అంబేడ్కర్ ‘కుల నిర్మూలన’లో కులం అంటే శ్రమ విభజన మాత్రమే కాదని, శ్రామికుల్ని మెట్లుమెట్లుగా విడగొట్టడమని వివరించాడు. వాయిద్యాల తయారీ చూస్తే ఆ వివరణకి ఇంకో ఉదాహరణ అక్కర్లేదు.

ఇక ఎలక్ట్రిక్ గిటారు పుట్టిన దేశానికి వెళ్దాం. 1931లో జార్జ్ బోచాంప్ అయస్కాంత పికప్‌తో మొదటి గిటారు తయారుచేయించాడు. పెనంలా ఉందని దాన్ని ఫ్రయింగ్ పాన్ అన్నారు. 1940 ప్రాంతంలో లెస్ పాల్ ఒక దూలం ముక్కకి తీగలు బిగించి గట్టి చెక్కతోనూ గిటారు పలుకుతుందని చూపించాడు. 1950లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ బల్లచెక్క లాంటి ఒంటికి మెడని మరలతో బిగించిన గిటారుని మార్కెట్లోకి తెచ్చాడు. ఫెండర్ రేడియోలు బాగుచేసేవాడు, అతనికి గిటారు వాయించడం రాదు. చెక్క పలక, విడిగా మెడ, నాలుగు మరలు. ఇంటి వరండాలో గిటారు చెయ్యడం సాధ్యమైంది ఈ తేలికైన నిర్మాణం వల్లనే.

ఆ ఫ్యాక్టరీలోనూ చేతుల కథ ఉంది. 1956లో పనిలో చేరిన అబిగైల్ ఇబారా అనే మెక్సికన్ మూలాలున్న కార్మికురాలు దశాబ్దాల పాటు పికప్‌లు చుట్టింది. టడేయో గోమెజ్ అనే కార్మికుడు తాను చెక్కిన మెడల మీద పెన్సిల్‌తో రెండక్షరాలు రాసేవాడు. ఈరోజు ఆ రెండక్షరాలు ఉన్న పాత గిటారుకి విలువ పెరుగుతుంది. కూలివాడు పెట్టిన పొడి అక్షరాలు చరిత్రకి ఆధారమయ్యాయి.

ఇద్దరు కుర్రాళ్లని పక్కపక్కన పెట్టి చూడండి. 1963లో లండన్లో పదహారేళ్ల బ్రయాన్ మే, ఇంజనీరైన తండ్రితో కలిసి ఇంట్లో గిటారు మొదలుపెట్టాడు. పాత నెగడు చట్రంలోని చెక్క మెడ అయింది, మోటారు సైకిల్ వాల్వు స్ప్రింగులు తీగల్ని వణికించే పనికొచ్చాయి, అమ్మ కుట్టుపెట్టెలోని గుండీలు మెట్ల గుర్తులయ్యాయి. క్వీన్ బృందం పాటల్లో చాలావరకు ఆ గిటారుతోనే వాయించాడు. అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచీ అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతి పిల్లలు చీపురు కట్టిన తీగని ఊడదీసి, గుడిసె గోడకి మేకులు కొట్టి బిగించి, సీసాతో జార్చి వాయించేవాళ్లు. డిడ్లీ బో అని దాని పేరు. ఆ పేరునే గుర్తుచేసే బో డిడ్లీ, షికాగో వృత్తి విద్యా పాఠశాలలో వాయిద్యాలు చెయ్యడం నేర్చుకుని, చతురస్రాకారపు గిటారు తనే చేసుకున్నాడు. మొదటివాడిది ప్రతిభ, గోడకి తీగ కట్టిన పిల్లవాడిది పేదరికం అని రాయడం చరిత్రకారులకి అలవాటు. చెయ్యి చేసిన పని మాత్రం రెండు చోట్లా ఒకటే. దొరికిన వస్తువులో స్వరాన్ని కనిపెట్టడం.

మళ్లీ డెల్టాకి రండి. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో మిషన్ పని మొదలుపెట్టారు. తర్వాత మన పేటల్లో ప్రార్థన మందిరాలు లేచాయి. అక్కడ మనవాళ్ల చేతికి వచ్చిన హార్మోనియానికి, తర్వాత గిటారుకి, కీబోర్డుకి కులం చెప్పే శాస్త్రం ఏదీ లేదు. అందుకే ఈరోజు కోనసీమలో గిటారు పట్టిన కుర్రాడు ఎక్కువగా చర్చి నుంచే వస్తాడు. నల్లజాతి సోదరి రోసెట్టా థార్ప్ కూడా చర్చి పాటలనే ఎలక్ట్రిక్ గిటారు మీద వాయించి 1940ల్లో పేరు తెచ్చుకుంది.

నా దగ్గర డిగ్రీ చదివిన ఒక కుర్రాడు పాత టేకు తలుపు చెక్కతో గిటారు చేశాడు. మొదటిసారి ఆంప్లిఫయర్‌కి కలిపితే పాటకన్నా ముందు కరెంటు గుయ్యిమంది. మన ఇళ్ల కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది, ఒంటి చుట్ట ఆ ఊపుని కూడా పట్టేస్తుంది. రెండో చుట్టని ఎదురు దిశలో కలిపితే రొద రొదని కొట్టేస్తుంది. 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ కనిపెట్టిన ఉపాయం అది. వీడు తనే చుట్టుకుని సాధించాడు. వాళ్ల తాత డప్పులు చేసిన మనిషి. ఆయన గిటారుని వేలితో తట్టి చూసి, “ఏరా, తోలు లేకుండా ఇది ఎక్కణ్నించి పలుకుద్దిరా?” అన్నాడు. “అయస్కాంతం నుంచి తాతా.” ఆయన కాసేపు ఆలోచించి, “అయితే వానాకాలం సాగిపోదన్నమాట” అన్నాడు. తేమకి తోలు వదులైతే శ్రుతి దిగిపోతుందని జీవితమంతా మంట కాచిన మనిషి, కొత్త వాయిద్యం గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న అడిగాడు. ఆ ఇంట్లో ఇంజనీరింగు మనవడితో మొదలవలేదు.

మనలో ఒక పాత వాదన ఉంది. డప్పు బానిసత్వపు గుర్తు, వదిలెయ్యాలని కొందరు. అది మన ఆయుధం, ఎత్తుకోవాలని కొందరు. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా ఉద్యమం పుట్టాక, చాటింపుకి పరిమితమైన డప్పు హక్కుల సభల ముందు మోగింది. అంతకుముందే 1941లో జాషువా ‘గబ్బిలం’లో అరుంధతీసుతుణ్ని కథానాయకుణ్ని చేశాడు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. బలవంతపు చావు డప్పుని వదిలెయ్యాలి. డప్పు చెయ్యడంలో ఉన్న జ్ఞానాన్ని వదలకూడదు. గిటారు చేసే కుర్రాడు తోలు నుంచి పారిపోయినవాడు కాదు. తాత చెవిని వారసత్వంగా తీసుకుని, కులం కేటాయించిన పనిని కాక తనకి ఇష్టమైన పనిని ఎంచుకున్నవాడు. ఆ ఎంచుకునే హక్కే తాతకి లేకుండా పోయింది.

విద్యార్థులకి ఒక పని చెప్తాను. ఈ సెలవుల్లో మీ ఊళ్లో డప్పు, డోలక్, హార్మోనియం, గిటారు, ఏదైనా సరే, చేసేవాళ్ల దగ్గరికీ బాగుచేసేవాళ్ల దగ్గరికీ వెళ్లండి. ఏ చెక్క, ఏ తోలు, ఎన్ని రోజులు నానాలి, ఏ పనిముట్టుని ఏమంటారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎంతకి అమ్ముతారు, అన్నీ వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ఒప్పుకుంటే పేరు రాయండి. జానపద కళారూపాల మీద సిద్ధాంత గ్రంథాలకి మన విశ్వవిద్యాలయాల్లో లోటు లేదు, వాటిలో తయారీ గురించి మాత్రం చాలాసార్లు ఒక పేరా దాటదు. ఆ పేరాని అధ్యాయం చేసే పని మీది.

అలాగే, ఇంట్లో గిటారు చేస్తున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక మాట. మెడని ఒంటికి బిగించే ముందు, ఆ లోపలి చెక్క మీద పెన్సిల్‌తో మీ పేరు, ఊరు, తేదీ రాయండి.

వచ్చే వారం హార్మోనియం పెట్టె గురించి.

జై భీమ్.