ఇంజిను సైకిళ్లు: గేరు రొద తగ్గింపు చరిత్ర

మామూలు సైకిలుకు చిన్న ఇంజిను బిగించినప్పుడు, ఆ ఇంజిను వేగాన్ని చక్రం వేగానికి దించే పళ్లచక్రాల నుంచి పుట్టే చప్పుడే గేరు రొద. సైలెన్సరు నుంచి వచ్చే చప్పుడు దీనికి వేరు. 26 అంగుళాల చక్రమున్న సైకిలు గంటకు 31 కిలోమీటర్ల వేగంతో పోవాలంటే చక్రం నిమిషానికి సుమారు 250 చుట్లు తిరగాలి. అప్పుడు ఇంజిను తిరిగేది 4,500 చుట్లు. ఈ పద్దెనిమిది రెట్ల తేడాను ఎక్కడో ఒకచోట దించక తప్పదు.

పంటి ఆకారంలోనో, పళ్ల మధ్య దూరంలోనో వెంట్రుకవాసి తేడా ఉంటే చాలు, నడిపే చక్రం సమంగా తిరుగుతున్నా నడిచే చక్రం క్షణక్షణం కాస్త ముందుకో వెనక్కో జరుగుతుంది. ఇంజనీర్లు దీన్ని ట్రాన్స్‌మిషన్ ఎర్రర్ అంటారు. గేర్ల అదురుకు ఇదే మూలమని 1958లో ఎస్.ఎల్. హారిస్ ప్రచురించిన పరిశోధన బలంగా చూపింది. ఒంటి సిలిండరు ఇంజినుకు మరో ఇబ్బంది ఉంది. అది ఒకే బిగిన లాగదు, తన్ను తన్నుగా లాగుతుంది. పళ్ల మధ్య మెకానిక్కులు ‘ప్లే’ అనే ఖాళీ ఎక్కువైతే ప్రతి తన్నుకూ పన్ను పన్నును కొట్టి గలగలమంటుంది.

పళ్లచక్రాలు ప్రాచీన గ్రీకుల నాటి నుంచీ ఉన్నాయి. పిండిమరల ఇనుప చక్రాల్లో చెక్క పళ్లు దిగ్గొట్టి చప్పుడు తగ్గించే పద్ధతి చాలాకాలం నడిచింది. 17వ శతాబ్దంలో రాబర్ట్ హుక్ మెట్లుగా జరిపిన పళ్లను ప్రతిపాదించగా, 18వ శతాబ్దంలో ఆయిలర్ నేటికీ వాడుకలో ఉన్న ఇన్‌వొల్యూట్ పంటి వంపును వివరించాడు. షాఫ్టుల మధ్య దూరం కొద్దిగా మారినా ఈ వంపున్న పళ్లు వేగాన్ని చెడనివ్వవు. చవక ఇంజిన్లకు ఇంతకు మించిన మేలు చేసిన గణితం మరొకటి లేదు.

1885 నాటి డైమ్లర్ బండిలో బెల్టు తర్వాత చిన్న పినియను వెనక చక్రపు లోపలి పళ్లను తిప్పేది. 1897లో పారిస్‌లో వెర్నర్ సోదరులు ముందు చక్రాన్ని తోలు బెల్టుతో నడిపారు. 1901లో అమెరికాలో ఆస్కార్ హెడ్‌స్ట్రోమ్ ‘ఇండియన్’ అనే బండికి చైను వాడాడు. తోలు బెల్టు నిశ్శబ్దంగా నడిచేది, కానీ వానకు జారేది.

ఈ చరిత్రలో అన్నింటికన్నా సారవంతమైన దశాబ్దం 1945–55. యుద్ధానంతర ఐరోపాలో, జపాన్‌లో పెట్రోలు కరువు, బస్సుల కొరత. ఉన్న సైకిలుకే ఇంజిను తగిలించుకోవడం ఇంటింటి అవసరమైంది. 1946లో హమమత్సులో సోయిచిరో హోండా సైన్యం వదిలేసిన రేడియో జనరేటర్ల ఇంజిన్లను సైకిళ్లకు బిగించాడు. ఆ బండ్లను అక్కడి జనం వాటి చప్పుడునే పేరు చేసి ‘బటబట’ అన్నారు. అదే ఏడాది ఫ్రాన్స్‌లో తయారీ మొదలైన వెలోసోలెక్స్ గేర్లను పూర్తిగా తీసేసింది: ఇంజిను తిప్పే రోలరు నేరుగా ముందు టైరును ఒరుసుకుంటుంది. పళ్లే లేనప్పుడు పళ్ల రొదకు తావు లేదు, అయితే ఆ భారమంతా టైరు మీద పడింది. ఇటలీలో గరెల్లి ‘మస్కీటో’ కూడా రోలరు దారే పట్టింది.

ఆల్డో ఫరినెల్లి రూపొందించిన కుచ్చొలో ఎదురు దారిలో వెళ్లింది. టూరిన్‌లో సియాటా, 1946 నుంచి బొలోన్యాలో డుకాటి తయారుచేసిన ఈ 48 సీసీ ఫోర్-స్ట్రోక్ ఇంజినులో రెండు వేగాల గేరుపెట్టె ఉండేది. కుచ్చొలో అంటే కుక్కపిల్ల. సైలెన్సరు కూతను బట్టి ఆ పేరు. ఫోర్-స్ట్రోక్ ఇంజినులో నూనె ఎలాగూ నిలవ ఉంటుంది కాబట్టి గేర్లకు తడి దొరుకుతుంది. పెట్రోలులో నూనె కలుపుకునే టూ-స్ట్రోక్‌లో అలా కాదు, గేర్లకు విడిగా నూనెగానీ గ్రీజుగానీ పెట్టాల్సిందే. 1950లో ఇంగ్లండులో ఈఎంఐ హేస్ కర్మాగారంలో తయారైన 25.7 సీసీ సైకిల్‌మాస్టర్ చైన్లను వెనక చక్రం మధ్యలోని డబ్బాలో దాచి రొదను కట్టేసింది.

ఈ దశాబ్దపు ఉత్తమ పరిష్కారం మోబిలెట్. 1949లో మోటోబెకాన్ తెచ్చిన ఈ బండిలో ఇంజిను నుంచి రబ్బరు వి-బెల్టు, అక్కడి నుంచి వెనక చక్రానికి చైను. ఎరిక్ జోమ్ రూపకల్పన అది. దీన్నే తిరుపతిలోని మోపెడ్స్ ఇండియా లిమిటెడ్ ‘సువేగా’ పేరుతో తయారుచేసింది. బెల్టు నిశ్శబ్దం రాయలసీమ రోడ్ల మీదికి అలా వచ్చింది.

తర్వాతి నలభై ఏళ్లలో మోపెడే బండిగా స్థిరపడి, సైకిలుకు విడి ఇంజిను బిగించడం అరుదైంది. ఆ తర్వాత చైనా నుంచి సైకిలుకు బిగించుకునే 66 సీసీ టూ-స్ట్రోక్ ఇంజిను కిట్లు రావడంతో గేరు రొద మళ్లీ సమస్యైంది. వీటిలో క్రాంకు మీది పినియనుకు 20 పళ్లు, క్లచ్ మోసే పెద్ద చక్రానికి 82 పళ్లు. 4,500 చుట్ల దగ్గర సెకనుకు 1,500 పళ్లు తగులుతాయి. చెవికి బాగా గుచ్చుకునే స్వరం అది. పెద్ద చక్రం రంధ్రం నడిమికి కాకుండా కాస్త పక్కకు పడితే ఆ కూత సెకనుకు 18 సార్లు హెచ్చి తగ్గుతుంది. రెండు సంఖ్యలూ సరిసంఖ్యలు కావడంతో ఒక్కో పినియను పన్ను పెద్ద చక్రంలో సగం పళ్లనే, 41 పళ్లనే, మళ్లీ మళ్లీ తాకుతుంది. ఒక పంటి గాటు కొన్ని పళ్లకే అచ్చులా దిగుతుంది.

మూత విప్పి గ్రీజు దట్టించడం అందరూ చేసే పని. చప్పుడు తగ్గుతుంది, కానీ ఎక్కువైన గ్రీజు పక్కనే ఉన్న పొడి క్లచ్ బిళ్లలకు అంటి క్లచ్ జారుతుంది. పంటి అంచు గరుకును సన్న సానరాయితో తీయడం, అరిగిన బేరింగు మార్చడం, లూజైన పినియను నట్టు బిగించడం అసలు వైద్యం. ఏటవాలు పళ్ల జత వేస్తే ఒక పన్ను విడవకముందే మరొకటి అందుకుంటుంది కాబట్టి కూత బాగా తగ్గుతుంది. బదులుగా షాఫ్టును పక్కకు నెట్టే బలం పుడుతుంది, దాన్ని బేరింగు భరించాలి. ఆ బలాన్ని రద్దు చేసే జంట ఏటవాలు గేర్లనే ఆండ్రే సిట్రోయెన్ తయారుచేశాడు. ఆయన కారు గుర్తు వాటి ఆకారమే.

విద్యుత్ సైకిళ్ల గేర్లున్న హబ్ మోటార్లలో (చక్రం మధ్యలోనే ఉండే మోటార్లలో) సైలెన్సరు చప్పుడు లేదు కనుక గేరు కూత ఒక్కటే వినిపిస్తుంది. అందుకే వాటిలో సూర్యుని చుట్టూ గ్రహాల్లా అమరిన చిన్న చక్రాలను నైలానుతో చేస్తారు. నైలాను పన్ను కాస్త వంగి పక్క పంటికి భారం పంచుతుంది. ఎక్కువ బరువుతో ఎత్తు ఎక్కించేటప్పుడు మోటారు వేడెక్కితే ఆ పళ్లే ముందు మెత్తబడి అరుగుతాయి.