ఒట్టావా ఒప్పందం: రెండు తెలుగు సీమలు

సామ్రాజ్యంలోని దేశాల సరుకుకు తక్కువ సుంకం, బయటి దేశాల సరుకుకు ఎక్కువ సుంకం విధించడమే సామ్రాజ్య వాణిజ్య ప్రాధాన్య విధానం. 1932లో ఒట్టావాలో కుదిరిన ఒప్పందంతో భారతదేశం ఈ విధానంలో భాగమైంది. ఈ చరిత్రను సాధారణంగా బ్రిటన్, భారతదేశాల మధ్య వివాదంగానే చెబుతారు. తెలుగు నేల నుంచి చూస్తే ఆ చిత్రం చాలదు.

కోస్తాలో ఈ విధానం కొందరికి లాభించింది. సామ్రాజ్య దేశాల పొగాకుకు బ్రిటన్ 1919లో సుంకంలో ఆరో వంతు, 1925లో నాలుగో వంతు తగ్గింపు ఇచ్చింది. గుంటూరు ప్రాంతంలో వర్జీనియా పొగాకు సాగు విస్తరించడానికి ఇది ఒక కారణం. వేరుశనగ సంగతి వేరు. దాని ప్రధాన విపణి ఐరోపా ఖండం కావడంతో, ఆ దేశాలు ప్రతిచర్యకు దిగవచ్చునని విమర్శకులు హెచ్చరించారు.

తెలంగాణ స్థితి భిన్నమైనది. 1802 నాటి వాణిజ్య సంధి ప్రకారం నిజాం, కంపెనీ ప్రాంతాల మధ్య దిగుమతి సుంకం నూటికి 5కు మించరాదు. మచిలీపట్నం రేవును స్వేచ్ఛగా వాడుకునే హక్కు కూడా నిజాముకు లభించింది. కాని బ్రిటిష్ ఇండియా సముద్ర సుంకం సాధారణ రేటు 1922 నాటికి నూటికి 15కు చేరింది. విదేశీ వస్తువు రేవులో ఆ సుంకం చెల్లించి, సరిహద్దులో నిజాం కరోడ్‌గిరి శాఖకు మరొకటి చెల్లించేది. రెండింటి భారమూ చివరకు కొనుగోలుదారుపైనే పడేది. రేవు ఆదాయంలో సంస్థానాలకు వాటా ఉండాలన్న వాదన న్యాయమైనదేనని 1929లో బట్లర్ కమిటీ అంగీకరించింది.

ఒట్టావా ఒప్పందం బ్రిటిష్ మోటారు వాహనాలకు నూటికి ఏడున్నర, ఇతర వస్తువులు అనేకంటికి నూటికి 10 వంతున ప్రాధాన్యమిచ్చింది. 1936లో కేంద్ర శాసనసభ దానిని తిరస్కరించింది. ఆ సభలో హైదరాబాదు ప్రజలకు ప్రతినిధి లేడు. ఒప్పందాన్ని ఆమోదించినప్పుడూ తిరస్కరించినప్పుడూ వారిని అడిగినవారు లేరు. సుంకం మాత్రం చెల్లించారు.

కోస్తా రైతుకు సామ్రాజ్య ప్రాధాన్యం ఒక అవకాశం, ఒక ప్రమాదం. తెలంగాణ కొనుగోలుదారుకు అది తన ప్రమేయం లేని పన్ను. ‘సుంకం’, ‘కరోడ్‌గిరి’ అనే మాటలను ఒకే అర్థానికి రెండు పర్యాయపదాలుగా నిఘంటువు చూపవచ్చు. వాటి వెనుక రెండు వేరు రాజ్యాధికారాలు, రెండు వేరు అనుభవాలు ఉన్నాయి. ఆనాటి తెలుగు రచనల్లోని ఆర్థిక పదజాలాన్ని పరిశీలించేవారు ఈ భేదాన్ని విస్మరించరాదు.