చిన్న ఇల్లు, పెద్ద వాకిలి
(పాతబస్తీ సి.ఐ.బి. క్వార్టర్ల కథ)

ప్రత్యేక సంచికకు పాతబస్తీ చరిత్ర మీద ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి గారు కోరారు. చార్మినారు గురించి, చౌమహల్లా గురించి రాసినవారు చాలామంది ఉన్నారు. నవాబుల డేవడీల గురించి కూడా పుస్తకాలు వచ్చాయి. నేను చిన్న ఇళ్ళ గురించి రాస్తానన్నాను. ఆయన ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, "ఈ వయసులో చిన్నిల్లేమిటండీ!" అని నవ్వారు. ఆ చిన్నిల్లు కాదు. నేను చెప్పబోయేది రెండు గదులు, ఒక దాలాన్, ఒక వాకిలి ఉన్న ఇల్లు. పాతబస్తీ వాళ్ళకు "సి.ఐ.బి. క్వార్టరు" అంటే చాలు, తెలిసిపోతుంది. మనలో ఎంతోమంది సర్కారు నౌకర్ల పిల్లలం అటువంటి కప్పుల కింద చదువుకున్నవాళ్ళమే. వాటిని కట్టించిన కారణం మాత్రం మన పిల్లలకు తెలియదు. అందుకే ఈ వ్యాసం.

వరద నేర్పిన పాఠం

ఈ కథ మూసీనదితో మొదలవుతుంది. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరదలో వేలాదిమంది చనిపోయారు. సుమారు పందొమ్మిది వేల ఇళ్ళు కూలాయని, ఎనభై వేలమంది నిలువనీడ లేనివారయ్యారని చరిత్రకారులు రాశారు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభైమంది దాకా ప్రాణాలు దక్కించుకున్న సంగతి మన పెద్దలు చెప్పగా విన్నాం. వరదలకు అన్నిటికంటే ముందు కూలేది మట్టిగోడల ఇల్లే. నది ఒడ్డున ఇరుకు గల్లీలలో ఉన్నవాళ్ళు బీదలు. చచ్చినవాళ్ళలో ఎక్కువమంది వాళ్ళే.

ఆనాటి ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆయన అప్పటికే బొంబాయి ప్రభుత్వ కొలువు నుంచి ముందుగానే పదవీ విరమణ చేసి, విదేశయాత్రలో ఉన్నారు. అంటే మనలాగే రిటైరైన ఉద్యోగి! రిటైరైనవాడు ఏమి చేయగలడు అని అడిగేవారికి ఇంతకంటే జవాబు అక్కరలేదు. ఆయన సూచన ఫలితమే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. చెరువుల సంగతి అందరికీ తెలిసిందే. కాని ఆయన నీటితోపాటు ఊరి గురించి కూడా ఆలోచించారు. మురుగు పారే దారి లేని గల్లీలు, గాలి చొరని ఇళ్ళు ఉన్నంతకాలం వరద పోయినా రోగం పోదని ఆయన గ్రహించారు. అది నిజమేనని 1911లో ప్లేగు వచ్చి రుజువు చేసింది.

బోర్డు పుట్టుక

1911లో గద్దెనెక్కిన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును ఏర్పాటు చేశారు. పాతవాళ్ళ నోట అది "ఆరాయిష్ బల్దా". తరువాతి కాలంలో నిజాం రెండవ కుమారుడు మొజంజా దీనికి అధ్యక్షులుగా ఉన్నారు. 1935 నాటి మొజంజాహి మార్కెటుకు ఆయన పేరే. చార్మినారు దగ్గర పత్తర్‌గట్టీ రాతి కమానుల వరుస కూడా ఈ బోర్డు పనే. అక్కడికి పోయినవాళ్ళం ఆ కమానులను చూసి మెచ్చుకుంటాం. అదే బోర్డు వెనక గల్లీలలో వేసిన మోరీలను, వరుస ఇళ్ళను ఎవరూ మెచ్చుకోరు. నా లెక్కలో బోర్డు చేసిన పెద్ద పని అదే.

ఇరుకు బస్తీలను తీసివేసి, వెడల్పుగా రోడ్లు వేసి, మోరీలు కట్టి, ఆ తరువాత ఇళ్ళు కట్టడం బోర్డు పద్ధతి. మూసీకి ఈవల మొగల్‌పురా, సుల్తాన్‌షాహీలలోను, ఆవల మల్లేపల్లి, రెడ్‌హిల్స్ వంటి చోట్లను ఈ క్వార్టర్లు వెలిశాయి. ఆదాయాన్నిబట్టి తరగతులుగా కట్టారు. చిన్న జీతగానికి చిన్న క్వార్టరు, కొంచెం పై వానికి కొంచెం పెద్దది. ఎంత చిన్న క్వార్టరైనా నాలుగు సంగతులు విడవలేదు: గాలి, వెలుతురు, నీళ్ళు, మోరీ.

మా క్వార్టరు

మా నాయన నిజాం కాలంలో ఒక దఫ్తరులో గుమాస్తా. హాలీ సిక్కా రూపాయలలో కిరాయి కట్టేవారు. తరువాత వాయిదాల మీద కట్టి అదే ఇంటిని సొంతం చేసుకున్నారు. బోర్డు పని ఆ తరువాత పేర్లు మార్చుకుంటూ 1960లో ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డుకు చేరింది. నాయన మాత్రం చివరిదాకా "బోర్డు ఇల్లు" అనే అన్నారు.

గోడలు రాతివి, సున్నంతో కట్టినవి. పైన ఇనుప దూలాల మీద షాబాద్ బండలు. కింద కూడా షాబాద్ బండలే. ఎండాకాలం మధ్యాహ్నం నీళ్ళు చల్లి, చాప కూడా లేకుండా ఆ బండ మీద పడుకునేవాళ్ళం. రెండు అర్రలు ఒకదాని వెనక ఒకటి. ముందు దాలాన్. ఒక మూల వంటిల్లు, పొగ పోవడానికి పైన కిటికీ. మధ్యలో పైకప్పు లేని వాకిలి. అందులో ఒక నల్లా, ఒక గోలెం, పక్కన జాలారి, ఆ మూల మరుగుదొడ్డి. తులసి చెట్టుకు కూడా జాగా దొరికింది.

అమ్మ, నాయన, నానమ్మ, మేము నలుగురం పిల్లలం, మొత్తం ఏడుగురం. ఎట్లా పట్టేవాళ్ళమని మా మనవరాలు అడుగుతుంది. జవాబు వాకిలిలో ఉన్నది. పొద్దున అది స్నానాల గది. పది గంటలకు బట్టలు ఆరేసే జాగా. మధ్యాహ్నం నానమ్మ అప్పడాలు ఎండబెట్టే మిద్దె. సాయంత్రం మా చదువుల బడి. రాత్రి నులకమంచాలు వేస్తే పడకగది. ఒకే జాగా ఐదు గదుల పని చేసింది. అర్రలు సామానుకు, వానకు, చలికి మాత్రమే. సామాను అంటే ఎంత? ట్రంకుపెట్టెలు నాలుగు, గోడ గూట్లో పుస్తకాలు, దండెం మీద బట్టలు. పండుగకు వచ్చిన చుట్టాలకు పక్కింటి ఖాలా తన వాకిట్లో మంచం వేసేది. ఆమె ఇంటికి చుట్టాలు వస్తే మేము వేసేవాళ్ళం. రెండు ఇళ్ళకు నడుమ గోడ ఒకటే. గోడ కలిపి కట్టడంలో బోర్డుకు ఖర్చు తగ్గింది, మాకు పొరుగు దగ్గరయింది.

అమ్మ చెప్పిన మాట

ఇదంతా చదివి ఆ రోజులే బంగారమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. చిన్న ఇంటి సుఖాలు చెప్పేది ఎక్కువగా మగవాళ్ళమే. మాకు ఇల్లు ఇరుకనిపిస్తే గల్లీ ఉన్నది, ఇరానీ హోటలు ఉన్నది. ఆడవాళ్ళకు ఏమున్నది? "ఇల్లు చిన్నదని నాకు బాధ లేదు బిడ్డా, చాటు లేదనే బాధ" అని అమ్మ ఒకసారి అన్నది. మా ఇంట్లో అడుగుపెట్టిన కొత్తలో నా భార్య బట్టలు మార్చుకోవాలంటే దండెం మీద చీర అడ్డం వేసుకునేది. నానమ్మ మంచంపట్టిన ఏడాది ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. పరీక్షల కాలంలో నేను వీధి దీపం కింద చదివానంటే అది గొప్ప కాదు, లోపల జాగా లేకపోవడం. బోర్డు గాలిని లెక్క వేసింది, మోరీని లెక్క వేసింది. చాటును మాత్రం లెక్క వేయలేదు.

లోకంలో చిన్న ఇళ్ళు

ఇప్పుడు అమెరికాలో "టైనీ హౌస్" అని ఒక మోజు. అక్కడి నిర్మాణ నియమావళి 2018 ప్రతిలో 400 చదరపు అడుగులకు మించని ఇంటికి ఆ పేరు పెట్టి నియమాలు రాశారు. 2008లో అక్కడ ఇళ్ళ అప్పులు తీర్చలేక జనం ఇళ్ళు పోగొట్టుకున్న తరువాత ఈ మోజు పెరిగింది. మా అబ్బాయి ఫోనులో చూపించాడు. చక్రాల మీద ఇల్లు, మడిచే మంచం, మెట్ల కింద అలమర. "మన బోర్డు ఇల్లు వీళ్ళు ఎప్పుడు చూశారు?" అన్నాను.

కొత్త సంగతేమీ కాదు. హెన్రీ డేవిడ్ థోరో 1845లో వాల్డెన్ కొలను ఒడ్డున పది అడుగులకు పదిహేను అడుగుల గది కట్టుకొని రెండేళ్ళకు పైగా ఉన్నాడు. చండీగఢ్ నగరాన్ని రూపొందించిన లె కార్బూజియే 1952లో ఫ్రాన్సు సముద్రతీరాన తనకోసం కట్టుకున్న కుటీరం పన్నెండు అడుగులకు పన్నెండు అడుగులు. మన గాంధీగారు 1936లో సేవాగ్రాంలో నివాసం కట్టేటప్పుడు వంద రూపాయలు మించకూడదని షరతు పెట్టారు.

వీళ్ళందరికీ, మాకూ ఒక తేడా ఉన్నది. వాళ్ళు పెద్ద ఇల్లు కాదనుకొని చిన్న ఇంటికి వచ్చినవాళ్ళు. థోరో ఆ గదిలో ఒంటరివాడు. మేము ఏడుగురం, కాదనుకోవడానికి మాకు వేరే ఇల్లు లేదు. కోరి తగ్గించుకోవడం వేరు, తగ్గిన దానిలో సర్దుకోవడం వేరు. మొదటిది తృప్తి, రెండవది ఓర్పు. బోర్డు క్వార్టరు గొప్పతనం ఏమిటంటే, ఓర్చుకోవలసిన వానికి కూడా కొంత తృప్తి మిగిల్చింది. తలెత్తితే ఆకాశం కనిపించే ఒక జాగా ఇచ్చింది. కిరాయి కట్టినంతకాలం ఎవరూ వెళ్ళగొట్టరనే ధైర్యం ఇచ్చింది.

ఇప్పుడు

మా వరుసలో ఇప్పుడు పాత రూపంలో మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. 1990 డిసెంబరు అల్లర్ల తరువాత కొన్ని కుటుంబాలు అమ్ముకొని దిల్‌సుఖ్‌నగర్ వైపు పోయాయి. మిగిలినవాళ్ళం ఉన్నాం. అన్నదమ్ముల పంపకాలలో కొన్ని క్వార్టర్లు నిలువునా చీలాయి. మరికొన్ని చోట్ల మూడంతస్తులు, నాలుగంతస్తులు లేచాయి. ఎవరిని తప్పు పట్టగలం? కొడుకులకు పెళ్ళిళ్ళు కావాలి, కిరాయి రాబడి కావాలి. కాని ప్రతి కొత్త కట్టడమూ మొదట మింగింది వాకిలినే. గోడ నుంచి గోడ దాకా స్లాబు పోశారు. గదులు పెరిగాయి, పట్టపగలు లైటు వేసుకోవలసి వచ్చింది. వందేళ్ళ క్రితం బోర్డు ఏ చీకటి ఇళ్ళను తీసివేసిందో, అదే చీకటిని మనం సిమెంటుతో తిరిగి కట్టుకుంటున్నాం.

ప్రభుత్వం కూడా చిన్న ఇళ్ళు కడుతూనే ఉన్నది. చంచల్‌గూడ దగ్గరి పిల్లి గుడిసెలులో 288 డబుల్ బెడ్‌రూం ఇళ్ళను 2021లో ప్రారంభించారు. ఒక్కొక్కటి 560 చదరపు అడుగులు. గుడిసెలలో ఉన్నవారికి తలుపు ఉన్న రెండు పడకగదులు వచ్చాయి. అమ్మ అడిగిన చాటు అక్కడ ఉన్నది. తొమ్మిది అంతస్తుల మీద ఉన్న ఇంటికి వాకిలి మాత్రం రాదు. ముసలివాళ్ళు లిఫ్టు చెడిపోయిన రోజు కిందికి దిగలేరు. ఒక తరానికి చాటు లోపించింది, మరొక తరానికి వాకిలి లోపించింది. రెండూ కలిపి కట్టే ఇంజనీరు ఎప్పుడు వస్తాడో చూడాలి.

మా ఇంట్లో కూడా ఈ చర్చ నడుస్తున్నది. అబ్బాయి పాత ఇల్లు పడగొట్టి కొత్తగా కడదామంటాడు. కట్టుకోమన్నాను. రెండే షరతులు పెట్టాను. నడుమ వాకిలి పైకప్పు లేకుండా ఉండాలి. కోడలికి గడియ వేసుకునే ఒక గది ఉండాలి. ఒక అంతస్తు కిరాయి తగ్గుతుందని వాడు లెక్క చూపించాడు. తగ్గనీ అన్నాను. చివరికి కోడలే, "మామయ్య చెప్పినట్లే కట్టిద్దామండీ" అన్నది. నక్షా ఇప్పుడు గీయిస్తున్నారు.

సంఘ సభ్యులకు నా మనవి ఒక్కటే. మీలో ఎవరి ఇల్లయినా పాత సి.ఐ.బి. క్వార్టరు అయితే, పడగొట్టే ముందు నాలుగు పక్కల నుంచి ఫోటోలు తీయించండి. ఏ గది ఎన్ని అడుగులో, నల్లా ఎక్కడ, మోరీ ఎటువైపో ఒక కాగితం మీద గీయించండి. పాత కిరాయి రసీదులు ఉంటే పారవేయకండి. ఒక్కొక్క నకలు మన సంఘం కార్యాలయానికి ఇవ్వండి. బీరువాలో భద్రపరచడానికి కార్యదర్శి గారు ఒప్పుకున్నారు. నవాబుల డేవడీలకు చరిత్ర రాసేవాళ్ళు ఉన్నారు. గుమాస్తాల ఇళ్ళకు రాయవలసింది మనమే.