కాంట్రాస్ట్ మందులు, రక్తనాళాల లోపొర

సీటీ స్కాన్ బల్ల మీద పడుకున్నవారికి, నాళాలు స్పష్టంగా కనిపించేందుకు ఇచ్చే కాంట్రాస్ట్ మందు ఎక్కించగానే ఒళ్లంతా గుప్పున వేడెక్కుతుంది. నోట్లో లోహపు రుచి తగులుతుంది. కొందరికి బట్టల్లోనే మూత్రం పోయిందేమోనన్న అనుమానమూ కలుగుతుంది. కాసేపట్లో అంతా సర్దుకుంటుంది. మందు గాఢతకు రక్తనాళాలు విప్పారడమే ఆ వేడికి కారణం.

ఆ గాఢత మొదట తగిలేది ఎండోథీలియానికి. నాళం లోగోడను కప్పి ఉండే ఒకే వరుస కణాల పొర ఇది. నైట్రిక్ ఆక్సైడ్, ప్రోస్టాసైక్లిన్‌లతో నాళాన్ని విప్పేదీ, ఎండోథీలిన్‌తో బిగించేదీ, నెత్తురు గడ్డకట్టకుండా కాసేదీ ఇదే.

రక్తం ఆస్మోలాలిటీ, అంటే అందులో కరిగిన పదార్థాల గాఢత, కిలోకు సుమారు 290 మిల్లీఆస్మోల్స్. డయాట్రిజోయేట్ వంటి పాతతరం అయానిక్ మందుల్లో అది 1,400 దాటేది. ఉప్పు చల్లిన మామిడి ముక్కలో నీరు ఊరినట్టు, ఈ మందు తాకిన కణాల్లోంచి నీరు బయటికి వచ్చేస్తుంది. కణాలు ముడుచుకుని, వాటి మధ్య అతుకులు వదులవుతాయి. అందుకే కాళ్ల సిరల్లో గడ్డలున్నాయేమో చూడటానికి చేసే వీనోగ్రఫీయే కొందరిలో కొత్త గడ్డలకు దారితీసేది.

ఈ గాఢమైన మందులు ఎక్కిస్తే నొప్పీ పుట్టేది. అయితే నొప్పి లేని మందల్లా మంచిది కాదని థోరోట్రాస్ట్ అనే మరో కాంట్రాస్ట్ నిరూపించింది. 1927లో లిస్బన్‌లో మెదడు యాంజియోగ్రఫీకి నాంది పలికిన ఎగాస్ మోనిజ్ కూడా తర్వాత దాన్ని వాడారు. ఎక్స్‌రేలో నాళాలు స్పష్టంగా కనిపించేవి, రోగికి బాధ ఉండేది కాదు. కానీ అందులోని థోరియం రేడియోధార్మికం. కాలేయంలో, ప్లీహంలో తిష్ఠవేసి, దశాబ్దాల తర్వాత కొందరిలో యాంజియోసార్కోమా తెచ్చిపెట్టింది. అది నాళాల లోపొర కణాల్లోనే పుట్టే క్యాన్సర్.

నొప్పి గుట్టు విప్పినవాడు స్వీడన్ రేడియాలజిస్టు టోర్‌స్టెన్ ఆల్మేన్. ఉప్పు తక్కువున్న బాల్టిక్ సముద్రంలో కళ్లు తెరిచి ఈదినా మంట పుట్టదు, ఉప్పెక్కువున్న స్వీడన్ పడమటి తీరంలో పుడుతుంది. తేడా ద్రవం గాఢతలోనే ఉందని ఆయన పట్టుకున్నారు. నీటిలో రెండు అయాన్లుగా విడిపోని అణువును తయారుచేస్తే సరిపోతుందని 1969లో ప్రతిపాదించారు. మొదట మెట్రిజమైడ్, తర్వాత 1980లలో అయోహెక్సాల్ ఆ ఆలోచన ఫలాలే. గాఢత 600–850కి దిగింది. రేడియాలజీలో రోగికి ఇంతటి ఉపశమనమిచ్చిన ఆవిష్కరణలు అరుదు.

ఆ తర్వాత వచ్చిన అయోడిక్సనాల్ అనే మందు గాఢత ఏకంగా రక్తంతో సమానంగా 290కే చేరింది. అయితే దాని చిక్కదనం ఎక్కువ. పైగా కాంట్రాస్ట్ వల్ల మూత్రపిండాల లోతుల్లోని సన్నని నాళాల్లో ఎండోథీలియం దెబ్బతిని నైట్రిక్ ఆక్సైడ్ తగ్గితే, ఆ నాళాలు బిగుసుకుంటాయని ప్రయోగశాలల్లో తేలింది. అందుకే కిడ్నీ జబ్బున్నవారికి మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్‌ను ముందు చూస్తారు, మోతాదు తగ్గిస్తారు. చిక్కదనం తగ్గేందుకు చాలాచోట్ల మందును 37 డిగ్రీలకు వెచ్చచేసి ఎక్కిస్తారు.