ఒక్కొక్కరికి ఎంత? రిజర్వేషను కిటికీ నేర్పిన లెక్క

సికింద్రాబాదు స్టేషనులో రిజర్వేషను కొరకు వరుసలో నిలిచిన వారందరు ఆ చిన్న దరఖాస్తు కాగితమును ఎరుగుదురు. దానిపై ఆరుగురు ప్రయాణికుల పేర్లకు మించి వ్రాయరాదు. సామాన్యముగా ఒక మనిషి వద్దనుండి ఒక పర్యాయము ఒక కాగితమే తీసికొందురు. ఇది గుమాస్తాగారి కాఠిన్యమని కొందరు తలంతురు. కాని వెనుక నిలిచిన వందమంది వైపునుండి చూచినచో ఇదియే న్యాయము. గుమాస్తాకున్న సమయము పరిమితము. దానిని ఒక్కరే వాడుకొన్నచో తక్కినవారికి మిగులదు.

నేడు కంప్యూటర్ల లోకములో "రేట్ లిమిట్" అని పిలువబడు విధానము ఈ కాగితపు నియమమునకు తోబుట్టువు వంటిది. అది ఎట్లు వచ్చినదో చూతము.

మన రైల్వేలలో కంప్యూటరు రిజర్వేషను 1985-86లో ఢిల్లీలో మొదలైనది. పిదప దేశమునకంతటికి ఐదు కేంద్రము లేర్పడినవి. 1966 నుండి దక్షిణ మధ్య రైల్వేకు ముఖ్యస్థానమైన సికింద్రాబాదు వానిలో ఒకటి. 1999 నాటికి ఈ ఐదును ఒకదానితో ఒకటి కలుపబడినవి. 2002 ఆగస్టు 3న ఇంటర్నెట్ ద్వారా టిక్కెట్ల విక్రయము ఆరంభమైనది. వరుస కంటికి కనబడకుండ పోయినది; కాని వరుస పోలేదు.

ఇచట ఒక క్రొత్త చిక్కు వచ్చినది. కిటికీ వద్ద అడుగువాడు మనిషి. వానికి కాళ్లు నొచ్చును, ఆకలి వేయును. ఇంటర్నెట్ వద్ద అడుగునది తరచుగా మరియొక ప్రోగ్రాము. ఒక ప్రోగ్రాము ఇంకొకదానిని పని అడుగుటకు ఏర్పరచిన కిటికీనే ఏ.పి.ఐ. అందురు. ఆ సేవను స్వంత గదిలోని యంత్రముపై గాక, దూరముననున్న పెద్ద యంత్రశాలలో అద్దెకు తీసికొని నడిపినచో దానిని క్లౌడ్ సేవ అందురు. అడుగు ప్రోగ్రాముకు అలసట లేదు. సెకనుకు వేయిసార్లు అడుగగలదు. కావున లెక్క పెట్టి ఆపవలసినదే.

ఎట్లు లెక్కింపవలెను? "నిమిషమునకు 60 సార్లు" అను నియమము సులభముగా తోచును. కాని ఒకడు 10 గంటల నిమిషము ముగియబోవు కడపటి సెకనులో 60 సార్లు, మరుసటి నిమిషపు మొదటి సెకనులో 60 సార్లు అడిగినాడనుకొనుడు. నియమము తప్పలేదు, అయినను రెండు సెకనులలో 120 వచ్చి పడినవి. దీనికి విరుగుడు "టోకెన్ బకెట్" పద్ధతి. ఒక్కొక్క ఖాతాదారునకు 10 బిళ్లలు పట్టు డబ్బా ఒకటి ఉన్నదని ఊహింపుడు. అందులో సెకనుకు ఒక బిళ్ల పడుచుండును. నిండినచో ఇక పడదు. ప్రతి అభ్యర్థనకు ఒక బిళ్ల ఖర్చగును. ఇపుడు ఎంత తొందరపడినను రెండు సెకనులలో 12కు మించి అడుగలేడు. బిళ్లలు లేనివానికి "429" అను సంఖ్యతో జవాబు వచ్చును. "మీరు మితిమీరి అడిగినారు, కొంత ఆగి రండు" అని దాని భావము. ఈ సంఖ్య 2012లో ఇంటర్నెట్ ప్రమాణములలో చేరినది. దీనికి దగ్గర చుట్టమైన "చిల్లు బకెట్" భావమును 1986లోనే జొనాథన్ టర్నర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు సమాచార వాహినుల నియంత్రణకు సూచించినాడు.

ఈ నియమము దురాశాపరులకు మాత్రమే కాదు. 2025 ఏప్రిల్ 12న దేశమంతట యు.పి.ఐ. చెల్లింపులు కొన్ని గంటలు స్తంభించినవి. "ఆ లావాదేవీ ఏమైనది?" అని కొన్ని బ్యాంకుల యంత్రములు మరల మరల అడుగుటచే భారము పెరిగినట్లు తేలినది. అడుగుటలో దుర్బుద్ధి లేదు, మితము లేదు. అదే సంవత్సరము ఆగస్టు 1 నుండి ఖాతా నిలువ చూచుకొనుట ఒక్కొక్క యాప్‌లో దినమునకు 50 సార్లకు పరిమితమైనది.

ఇంతవరకు లెక్క సులభమే. అసలు కష్టము వేరొకచోట నున్నది. "ఒక్కరికి ఎంత" అనునది గణితము. "ఆ ఒక్కరు ఎవరు" అనునది గణితము తీర్చలేని ప్రశ్న. ఇంటర్నెట్ చిరునామాను బట్టి లెక్కించినచో, ఒకే కనెక్షనుపై నున్న హాస్టలు విద్యార్థులు వందమంది కలిసి ఒక్కరగుదురు. ఖాతాను బట్టి లెక్కించినచో, నూరు దొంగ ఖాతాలు తెరచిన ఒక్కడు నూర్గురగును. రైల్వేకు ఎదురైనది ఈ రెండవ చిక్కే. తత్కాల్ తెరచిన మొదటి ఐదు నిమిషములలో జరుగు లాగిన్ ప్రయత్నములలో సగము వరకు స్వయంచాలక ప్రోగ్రాములవేనని 2025లో ప్రభుత్వము ప్రకటించినది. అనుమానాస్పదమైన రెండున్నర కోట్ల ఖాతాలు నిలిపివేయబడినవి. పండుగకు ఇంటికి పోవలెనని పది గంటలకు సిద్ధముగా కూర్చున్న కుటుంబమునకు బెర్తు ఎందుకు దొరకలేదో ఈ అంకెలే చెప్పును.

అందుకై 2025 జులై 1 నుండి ఇంటర్నెట్‌లో తత్కాల్ టిక్కెట్టుకు ఆధార్ ధృవీకరణ తప్పనిసరి అయినది. మొదటి అరగంట ఏజెంట్లకు ప్రవేశము నిషేధింపబడినది. కౌంటరులోని తత్కాల్ టిక్కెట్టుకు గూడ ఫోనుకు వచ్చు ఒ.టి.పి. చెప్పు పద్ధతి ప్రవేశపెట్టబడినది. దీనిచే "ఒక్కరు" అనగా నిజముగా ఒక మనిషియే అగుటకు వీలైనది. కాని దీని వెలయు గమనింపవలెను. ఫోను లేని వృద్ధురాలు వరుసలో అందరికంటె ముందు నిలిచినను ఆ సంఖ్య చెప్పలేదు. పాత కాగితము ఆమెను ఏమియు అడుగలేదు. ఎదుట నిలిచిన మనిషిని చూచి లెక్కించినది.

కావున ఉపాధ్యాయులు ఈ విషయము బోధించునపుడు డబ్బా, బిళ్లల లెక్కతో ఆపవలదు. ఏ పరిమితి నియమము కనబడినను రెండు ప్రశ్నలు వేయుట విద్యార్థులకు నేర్పవలెను: ఇందులో ఒక్కరుగా ఎవరిని లెక్కించుచున్నారు? ఆ లెక్కలోనికి రాక మిగిలినవారెవరు?