ఎవలింటికచ్చినవ్ బిడ్డా?

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ ‘జీరో టికెట్’ ఇస్తాడు. ఈ పథకం మీద వచ్చినన్ని వెక్కిరింతలు ఈ మధ్య మరే పథకం మీదా రాలేదేమో. పనీపాటా లేకుండా తిరుగుతున్నారని, బస్సులో కూర్చుని వెల్లుల్లి ఒలుచుకుంటున్నారని. ఖర్చు సంగతి అటుంచితే, ఆడది కారణం చెప్పకుండా ఊరు దాటడమే చాలామందికి మింగుడుపడటం లేదన్పిస్తుంది.

అయితే ఈ టికెట్టు మనల్ని చీకటి పడేదాకానే తీసుకెళ్తుంది. ఆ తర్వాత ఎక్కడ పడుకోవాలి అనే ప్రశ్న ఎప్పటిలాగే ఉంది. సింగరేణి కథల్లోని స్త్రీల మీద పనిచేస్తూ నేను కొన్నేళ్లుగా గోదావరిఖని వెళ్లొస్తున్నాను. మొదట్లో ఒక లాడ్జిలో గది అడిగితే “సింగిల్ లేడీకి ఇవ్వం మేడమ్” అన్నారు. డబ్బున్నా గది దొరకని చోట, డబ్బు తక్కువున్న ఆడదానికి మిగిలేది ఎవరో ఒకరి ఇల్లే. అక్కడి కాలనీల్లో కొత్త ముఖం కనబడగానే పెద్దవాళ్లు అడిగే మొదటి మాట కూడా అదే - “ఎవలింటికచ్చినవ్ బిడ్డా?” ఆప్యాయంగానే అడుగుతారు. కానీ ఆ ప్రశ్నలో ఒక నమ్మకం ఉంది: మగవాడు ఊరికి వస్తాడు, ఆడది ఎవరింటికో వస్తుంది. ఈ నమ్మకానికి పాత చరిత్రే ఉంది.

మను ధర్మశాస్త్రం అతిథిని నిర్వచించింది. ఒక్క రాత్రి మాత్రం ఉండే బ్రాహ్మణుడు అతిథి. ఆదరించేవాడు గృహస్థు, పుణ్యం అతనిది. వండేది అతని భార్య. దారిన పోయే ఒంటరి స్త్రీకి ఈ నిర్వచనంలో చోటులేదు. మనం గర్వంగా చెప్పుకునే ‘అతిథి దేవోభవ’ని ఈ నిర్వచనం పక్కన పెట్టి చదువుకోవాలి.

మన మొదటి యాత్రా రచనల్లో ఒకటైన ‘కాశీయాత్ర చరిత్ర’ చూడండి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. హైదరాబాద్ మీదుగా వెళ్లి, ఇప్పటి బొగ్గు గనులకి ఎగువన నిర్మల్ దారిలో గోదావరి దాటి నాగపూర్ వైపు సాగాడు. ఏ మజిలీలో సత్రం ఉంది, ఎక్కడ అంగళ్లున్నాయి, నీళ్లెలా ఉన్నాయి - అన్నీ రాశాడు. తర్వాతి యాత్రికుడికి ఉపయోగపడాలని ఆయన తపన. నాకా పుస్తకమంటే ఇష్టమే. కానీ మేనాలతో, బోయీలతో వందమంది దాకా ఉన్న ఆ పరివారంలో ఇంటి ఆడవాళ్లూ ఉన్నారు. వాళ్ల కళ్లతో ఆ దారి ఎలా ఉందో ఆ పేజీల్లో దొరకదు.

గోదావరిఖని పక్కనుంచి పారే ఈ నదే కిందికి దిగి పాయలుగా చీలిన చోట, కోనసీమలో, లంకల గన్నవరం ఉంది. అక్కడ డొక్కా సీతమ్మ (1841-1909) పాయ దాటి వచ్చే బాటసారులకి వేళ కాని వేళలో కూడా వండిపెట్టింది. కులం అడగలేదని చెప్తారు. ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేక సందర్భంలో బ్రిటిష్ ప్రభుత్వం ఆమెని ఆహ్వానిస్తే, ఇంటికొచ్చేవాళ్లకి అన్నం పెట్టేదెవరని వెళ్లలేదనీ, చివరికి ఆమె ఫొటోనే పంపించుకున్నారనీ ప్రసిద్ధి. ఇప్పుడు వైనతేయ పాయ మీది అక్విడక్టుకి ఆమె పేరుంది. 2024లో ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనానికీ ఆమె పేరు పెట్టారు. ‘అపర అన్నపూర్ణ’ అని రాయని వ్యాసం లేదు.

నాకు ఈ బిరుదుతోనే పేచీ. అన్నపూర్ణ అనగానే ఆ పొయ్యి దగ్గరి శ్రమ మాయమైపోతుంది. అర్ధరాత్రి తలుపు తడితే లేచి ఎసరు పెట్టడం, వందల ఇస్తళ్లు ఎత్తడం, కట్టెలు, పొగ, నడుం నొప్పి - ఇవన్నీ దేవత చేస్తే పని కాదు, మహిమ. పైగా గడప దాటకపోవడమే ఆమె గొప్పతనమైంది. వెళ్లనంటే వెళ్లనన్న ఆమె పట్టుదలని నేను తక్కువ చెయ్యడం లేదు. రాజు పిలుపు కంటే తన పని ముఖ్యమనుకున్న మనిషి ఆమె. దాన్ని త్యాగం అనకుండా నిర్ణయం అని ఎందుకు అనకూడదు?

అదే కాలంలో, ఆమెకి పూర్తిగా వ్యతిరేక దిశలో నడిచిన ఇంకో స్త్రీ ఉంది. భండారు అచ్చమాంబ (1874-1905). తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుతో పాటు తనూ చదువుకుని, ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసిన మన మొదటి స్త్రీల చరిత్రకారిణి. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం పెట్టింది. మరుసటి ఏడు తెలుగు ప్రాంతాల్లో తిరుగుతూ స్త్రీ సమాజాలకి ఊపిరి పోసింది. ఆమె ఉండేదేమో మధ్యపరగణాల్లో. కాజీపేట - బల్హార్షా రైలుమార్గం 1929లో గానీ పూర్తికాలేదు. ఇవాళ మనం రామగుండంలో దిగే దారి అప్పటికి లేనేలేదు. అంత దూరాన్నుంచి వచ్చి ఊరూరా తిరిగే స్త్రీకి ఊరికొక ఇల్లు కావాలి కదా. సాహిత్య చరిత్రలు ఆమె పెట్టిన సమాజాల్ని లెక్కపెడతాయి. ఆమెకి పక్క పరిచిన ఇళ్లని, వేన్నీళ్లు కాచిన చేతుల్ని లెక్కపెట్టవు. అచ్చమాంబ దొరికింది, ఆమెకి వండిపెట్టిన సీతమ్మలు దొరకలేదు.

మళ్లీ బొగ్గు దగ్గరికి వస్తాను. 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనుక్కోవడం, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడటం, 1960ల మొదట్లో గోదావరి ఒడ్డున గనులు తెరవడం - ఈ చరిత్ర మనకి తెలిసిందే. తెలియనిది, గోదావరిఖని లాంటి ఊరు ఆతిథ్యం మీద కట్టిన ఊరని. అక్కడ దాదాపు ప్రతి కుటుంబం ఎక్కణ్నుంచో వచ్చిందే. పని కోసం పల్లె నుంచి వచ్చినవాడు ముందు దిగింది కంపెనీ క్వార్టర్లో కాదు, అప్పటికే బాయి పనిలో ఉన్న చుట్టం ఇంట్లో. అక్కడివాళ్లు గనిని బాయి అంటారు. ఆడవాళ్లకి ఆ బాయి తలుపు మూసేశారు. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ స్త్రీలు భూగర్భంలోకి దిగడాన్ని, పైన కూడా రాత్రిపూట పనిచెయ్యడాన్ని నిషేధించింది. 2019లో గానీ సడలించలేదు. అదీ భూగర్భంలో టెక్నికల్, సూపర్‌వైజరీ, మేనేజీరియల్ పనులకే, పగటిపూటే. మరి రాత్రి షిఫ్టులు చెయ్యకూడదన్న ఆడవాళ్లు రాత్రిళ్లు ఏం చేశారు?

నేను దిగే ఇల్లు ఎయిటింక్లైన్ కాలనీలో. ఇంటాయన రిటైరయ్యాడు. ఆమెని నేను అక్క అంటాను, ఆమె నన్ను చెల్లె అంటుంది. చుట్టరికం ఏమీ లేదు. కానీ వరస కలపందే ఆ గడపలో ఒక రాత్రి గడవదు. ‘మీరేమోళ్లు?’ అని పక్కింటావిడ కులం అడిగితే “మా చెల్లెనే” అని అక్కే జవాబు చెప్పింది. వరస ఒక్కోసారి కులానికి అడ్డం నిలుస్తుంది. ఒక్కోసారి ఆరా తియ్యడానికి సాకవుతుంది. రెండూ చూశాను.

1980లలో ఆమె కాపురం రెండు గదుల్లో. ఇద్దరు పిల్లలు, మరిది, మేనల్లుడు, ఊరి నుంచి వచ్చి బదిలీ ఫిల్లర్ పని కోసం ఎదురుచూసే ఒకరిద్దరు. “ఒగలది మొదటి షిఫ్టు, ఒగలది రెండో షిఫ్టు, ఇంకొగలది నైట్ షిఫ్టు. పొయ్యి ఆరిందే లేదు చెల్లె” అంది. బొగ్గుల పొయ్యి. తెల్లారకముందే ఒకరికి సద్ది కట్టాలి. నైట్ షిఫ్టు చేసొచ్చినవాడు పడుకుంటే పిల్లల్ని చప్పుడు చెయ్యనీయకూడదు. ఆమెకి మూడు షిఫ్టులూ తనవే. ఆ ఇంట్లో ఉండిపోయినవాళ్లంతా తర్వాత పర్మనెంటయ్యారు. ఇప్పటికీ కనబడితే ‘బావ ఇంట్ల ఉండి నౌకరి దొరకబట్టుకున్న’ అంటారట. బావ ఇల్లు! ఆమె నవ్వుతూ, “అందర్కి నౌకర్లయినయ్. నేనే ఎప్పటికీ బదిలీ ఫిల్లర్నే” అంది. కార్మిక చరిత్ర రాసేవాళ్లు ఈ వాక్యాన్ని ఏ అధ్యాయంలో పెడతారో!

ప్రపంచంలో మరోచోట ఇదే సంగతికి సంస్థలున్నాయి. యుద్ధం తర్వాత, శాంతి కోసం మనుషులు ఒకరిళ్లలో ఒకరు ఉండాలని 1949లో డెన్మార్క్‌లో సర్వాస్ మొదలైంది. స్త్రీలకి స్త్రీలే ఆతిథ్యమిచ్చే విమెన్ వెల్కమ్ విమెన్ 1984లో బ్రిటన్‌లో పుట్టింది. 2004లో వచ్చిన కౌచ్‌సర్ఫింగ్ 2020 నుంచి సభ్యుల దగ్గర డబ్బు వసూలు చేస్తోంది. అతిథికీ ఇంటివాళ్లకీ మధ్య డబ్బు ఉండకూడదన్నది వీటి ఆదర్శం. మంచిదే. కానీ డబ్బు లేదంటే ఖర్చు లేదని కాదు. నాకు తక్కువ ఖర్చయిన ప్రతి రాత్రీ అక్క ఇంకో గంట ముందు లేచింది. డబ్బులిస్తే కోపగించుకుంటుంది. అందుకని బియ్యం కడగడం, సర్వపిండి కోసం గిన్నెకి పిండి అద్దడం నా వంతు చేసుకున్నాను. మన సిద్ధాంత గ్రంథాల్లో కృతజ్ఞతల పేజీ చివర ‘ఫీల్డ్ వర్క్‌లో ఆదరించిన వారికి’ అని ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యాన్ని మెథడాలజీ అధ్యాయంలోకి తీసుకురావాలని నా వాదన. ఎవరింట్లో దిగాం, ఎవరు వండారు, ఆ ఇంట్లో ఉన్నందువల్ల ఎవరు మనతో మాట్లాడారు, ఎవరు మాట్లాడలేదు - ఇవి పరిశోధన ఫలితాన్నే మార్చే విషయాలు.

ఆ ఇళ్లు కూడా తగ్గిపోతున్నాయి. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికులు ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. రిటైరయితే క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. అక్కవాళ్లు అదే కాలనీలో ఇప్పుడు కిరాయికి ఉంటున్నారు.

ఇన్నేళ్లలో అక్క ఎవరింటికీ అతిథిగా పోలేదు. పెళ్లిళ్లకి, చావులకి పోయింది, అంతే. జీరో టికెట్టు వచ్చాక వేములవాడ, కాళేశ్వరం ఒక్కతే వెళ్లొచ్చింది. వచ్చే నెల హైదరాబాద్ వస్తానంది. నేనుండేది వర్కింగ్ విమెన్స్ హాస్టల్. రాత్రికి అతిథిని ఉంచుకోవాలంటే వార్డెన్‌కి ఫారం ఇవ్వాలి. అందులో ‘సంబంధం’ అని ఒక గడి ఉంది, దాని కింద చిన్న అక్షరాల్లో ‘రక్తసంబంధీకులు మాత్రమే’ అని ఉంది. గడిలో ‘అక్క’ అని రాసి ఇచ్చాను. వార్డెన్ ఇంకా సంతకం పెట్టలేదు.