ఫ్యాక్టరీ గేటు దాటిన తరువాత: ఈఎస్‌ఐ భృతి వివాదాలు, న్యాయ పరిశీలన

హబ్సిగూడకు ఒకవైపు నాచారం, మరోవైపు ఉప్పల్ పారిశ్రామికవాడలు ఉండటం వల్ల చందా, ప్రమాద నివేదిక, ఈఎస్‌ఐ ఆసుపత్రి అనే మాటలు ఈ ప్రాంతపు కార్మిక కుటుంబాలకు కొత్త కావు. అయితే భృతిని నిరాకరించిన ఈఎస్‌ఐ కార్పొరేషన్ నిర్ణయాన్ని తిరిగి విచారించే ఉద్యోగుల బీమా న్యాయస్థానానికి నాచారం ఆసుపత్రికి ఉన్నంత ప్రచారం లేదు.

1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం ప్రకారం గాయపడిన కార్మికుడు యజమానితోనే తలపడవలసి వచ్చేది. కార్మికుల ఆరోగ్య బీమాపై ప్రొఫెసర్ అడార్కర్ 1944లో సమర్పించిన నివేదిక ఆధారంగా 1948లో ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్‌ఐ) చట్టం రూపొందగా, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో పథకం మొదలైంది. దీనితో చెల్లింపు భారం కార్పొరేషన్‌కు మారింది, కార్మికుడికి ప్రతివాదీ మారాడు. అందుకే చట్టంలోని 74, 75 సెక్షన్లు బీమా న్యాయస్థానాన్ని ఏర్పరచి, ఈ తగాదాలను సివిల్ కోర్టుల పరిధి నుంచి తప్పించాయి. దాని తీర్పుపై హైకోర్టుకు అప్పీలు చేయాలంటే గణనీయమైన న్యాయ ప్రశ్న, అంటే వాస్తవాలపై కాక చట్టం అర్థంపైనే వివాదం, ఉండాలి.

అన్ని వివాదాల్లోనూ మొండిది, పని ఎక్కడ మొదలవుతుందన్న ప్రశ్న. గాయం ఉద్యోగం కారణంగా, ఉద్యోగ క్రమంలో కలిగితేనే భృతి రావాలని చట్టం చెప్పింది. ఉప్పు కర్మాగారం నుంచి ఇంటికి పోతూ పడవ మునిగి మరణించిన కార్మికుల కేసులో 1958లో సుప్రీంకోర్టు, పనిస్థలం గేటు బయటికి కొంత మేరకు విస్తరించినట్టు భావించవచ్చునన్న సూత్రాన్ని అంగీకరించినా, ఆ కుటుంబాలకు పరిహారం నిరాకరించింది.

ఒక కేరళ కార్మికుడి కేసు మరింత కఠినమైనది. 1971 జూన్ 26న సాయంత్రం 4:30 షిఫ్టుకు సైకిలుపై వెళుతున్న అతనిని, ఫ్యాక్టరీకి కిలోమీటరు దూరంలో, 4:15కు ఒక లారీ ఢీకొన్నది. ఆ లారీ అతని యాజమాన్యానిదే. బీమా న్యాయస్థానం, హైకోర్టు అతని పక్షాన నిలిచినా, పావు శతాబ్దం గడిచాక, 1996లో సుప్రీంకోర్టు ఆ తీర్పులను కొట్టివేసి, పనికి వెళ్లే దారి పనిలో భాగం కాదని తేల్చింది. చట్టం అక్షరాన్ని పట్టుకున్న ఆ తీర్పు దాని ఉద్దేశాన్ని విడిచిపెట్టిందనే చెప్పాలి.

ఆ లోపాన్ని పార్లమెంటు 2010 సవరణతో, 51-ఇ సెక్షన్ చేర్చి సరిదిద్దింది: ప్రమాదం జరిగిన పరిస్థితులకు, సమయానికి, స్థలానికి ఉద్యోగంతో సంబంధం కనబడితే, ఇంటికీ పనికీ మధ్య ప్రయాణంలో కలిగిన గాయం కూడా ఉద్యోగ గాయమే. 2025 జులైలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ కొత్త హక్కు కాదనీ, ఉన్న అర్థాన్ని స్పష్టం చేసేదేననీ, కనుక పూర్వ ప్రమాదాలకూ వర్తిస్తుందనీ ప్రకటించి, ఆ అర్థాన్నే 1923 చట్టానికీ అన్వయించింది. అదే సంవత్సరం నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చి, ప్రయాణ గాయాల నిబంధనను నిలుపుకుంటూనే 1948 చట్టం స్థానాన్ని తీసుకున్నది.

అందువల్ల నేడు తార్నాక నుంచి నాచారం షిఫ్టుకు బయలుదేరి హబ్సిగూడ చౌరస్తాలో గాయపడిన బీమా కార్మికుడి దరఖాస్తును, గేటు బయట జరిగిందన్న ఒక్క కారణంతో తిరస్కరించడం చెల్లదు. అయితే ఆ దారికీ, ఆ వేళకూ పనితో ఉన్న సంబంధాన్ని హాజరు పట్టీతో, ప్రమాద నివేదికతో చూపవలసిన బాధ్యత మాత్రం ఇప్పటికీ అతనిదే.